సోమి చెంబు

ఇప్పపువ్వును చీపురుతో ఊడ్చి తగలబెట్టడం ఆయతి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇప్పుడు చూస్తోంది. అదీ తన చెట్ల కిందే. ఊడుస్తున్నవాడు తన మొగుడే.

పొద్దు ఇంకా పొడవలేదు. ముళ్లకంచెకు అవతల అయిదు ఇప్పచెట్లు. కోడి కూసినప్పటి నుంచి రాలిన పువ్వు నేల కనపడకుండా పరుచుకుంది. వెంకన్న పొడుగుకర్ర చీపురుతో దాన్ని కుప్పలుగా తోస్తున్నాడు. తోసిన కుప్ప మీద ఎండాకు వేసి అగ్గిపుల్ల గీశాడు. పచ్చిపువ్వు ఒక పట్టాన అంటుకోదు. చిటపటమని నీళ్లు కక్కి, బెల్లం మాడిన వాసనతో నల్లగా పొగ వదిలింది.

ఆయతి నెత్తి మీది ఖాళీ గంప దించి కంచె పక్కన పెట్టింది.

"ఏందయ్యా, చేతులు ఎట్లా వస్తున్నయి నీకు?"

వెంకన్న తలెత్తలేదు. "సారు చెప్పిండు. సోమవారం నుంచి ఇదే పని."

"ఆ తీగ సందులకెళ్లి నాలుగు దోసిళ్లు ఇటు పోయరాదా?"

అతను గడ్డంతో పైకి చూపించాడు. స్తంభం మీద కొత్తగా పెట్టిన కెమెరా, చిన్న ఎర్రదీపంతో వాళ్లిద్దరినీ చూస్తోంది. చెట్టుకు కాపలా ఉంటే కోతుల కోసమనుకోవచ్చు. రాలి కిందపడ్డ పువ్వుకు కాపలా పెట్టినవాళ్లను ఏమనాలో ఆయతికి తోచలేదు.

దామరపారా ఊళ్లో ఏ చెట్టు ఏ ఇంటిదో అయిదేళ్ల పిల్లను అడిగినా చెబుతుంది. కాగితం లేదు, గీత లేదు. ఈ అయిదూ వెంకన్న వాళ్ల ఇంటివి. అతని తల్లి సోమి ఏరింది, సోమి అత్త ఏరింది. పన్నెండేళ్ల కిందట, ఇప్పుడు వెంకన్న పనిచేస్తున్న ఈ ఆశ్రమం వాళ్లు మద్దేడ్ వైపు నుంచి వచ్చి, మందుల గది కట్టుకుంటామంటే ఊరే రెండెకరాలు చూపించింది. వెదుర్లు ఊరే మోసింది. ఆ తర్వాత ప్రతి వానాకాలం కంచె నాలుగు బారలు జరుగుతూ వచ్చింది. వానల్లో ఎవరి పొలంలో వాళ్లుంటారు కదా, ఎవరు చూస్తారు. చుట్టమై వచ్చి దయ్యమై పట్టుకోవడమంటే ఇదే. నాలుగేళ్ల కింద చెట్లు కూడా లోపలికి పోయాయి. పోయినా, పువ్వు కాలంలో వెనక గేటు తీసి ఉంచేవారు. ఈ ఏడు తాళం వేశారు.

కంకర దారి మీద చెప్పుల చప్పుడైంది. ఆశ్రమం మేనేజరు గిరీష్ వస్తున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో ఫోను. కిరందుల్ గనుల కాలనీలో పెరిగిన ఆంధ్రా పిల్లవాడు, ఇప్పుడు నలభై దాటాడు. ఎవరి మీదా అరవడు, అదే అతని బలం. అతను మాట్లాడి వెళ్లాక ఏం పోయిందో తడుముకోవాలి.

"నమస్కారం అమ్మా. చూడండి, ఇది దైవసన్నిధి. ఈ పువ్వుతో సారా కాస్తారు. మత్తు పదార్థం ప్రాంగణంలో ఉండకూడదని గురువుగారి ఆజ్ఞ. మీరేం అనుకోవద్దు."

"ఉడకబెట్టుకోని తింటం సారూ. ఎండబెట్టి సంతల అమ్ముతం. వానకాలం ఇంట్ల గింజ లేనప్పుడు అదే మా కడుపు. సారాకు అయ్యేది కొంచెం."

"కొంచెమైనా..."

"బెల్లంతోటి గూడ సారా కాస్తరు. మీ పాయసంల బెల్లం వేస్తరు గదా."

గిరీష్ నవ్వాడు. కోపం తెచ్చుకుంటే ఆయతికి ఎంతో కొంత తృప్తిగా ఉండేది. "శుక్రవారం నాయబ్ తహసీల్దారు గారు పంచనామాకు వస్తున్నారమ్మా. ఆ ఏడెకరాల సంగతి అదే రోజు తేలిపోతుంది. రేపు వచ్చి ఇత్తడి సామానంతా తోమి పెట్టండి. మీ చెయ్యి మంచిదని వెంకన్న చెప్పాడు."

ఏడెకరాల సంగతి ఆయతికి తెలుసు. అయిదు చెట్లూ అందులోనివే. అడవి హక్కు పట్టా కావాలని ఊరు అర్జీ పెట్టింది. రెండువేల అయిదో సంవత్సరానికి ముందు నుంచే ఆ నేల వాడుకుంటున్నట్టు ఆనవాలు చూపించమన్నారు. ఆశ్రమం కూడా అదే నేల కోసం అర్జీ పెట్టింది. శుక్రవారం ఆనవాలు చూపలేకపోతే చెట్లు ఇక పోయినట్టే. కంచె చేను మేస్తుందని సామెతకు చెప్పుకుంటారు. ఇక్కడ నిజంగానే మేసింది.

"వస్త సారూ" అంది ఆయతి.

వెంకన్న చీపురు ఆపి ఆమె వైపు వింతగా చూశాడు. తోమడానికి కాదు ఆమె ఒప్పుకుంది. పెద్ద చెట్టు మొదలుకు అవతలి పక్కన అత్త సోమి రాయి ఉంది. పెద్దవాళ్లు పోతే వాగులోంచి నిలువురాయి తెచ్చి పాతడం వాళ్ల కులాచారం. ఏటా మొదటి పువ్వు దోసెడు ఆ రాయికి పెట్టాకే ఇంట్లోవాళ్లు నోట్లో వేసుకోవాలి. మొన్న గేటుకు తాళం ఉండేసరికి కంచె ఇవతల నుంచి గుప్పెడు విసిరింది. ఎక్కడ పడిందో తెలియదు. ఈసారి లోపలికి పోవచ్చు.

బుధవారం పొద్దున్నే, పక్కింటి హిడ్మే వాళ్ల చెట్టు కింద ఏరిన గుప్పెడు పువ్వు కొంగున ముడివేసుకుని ఆయతి ఆశ్రమంలో అడుగుపెట్టింది. వంటశాల వైపు పోకుండా ముందు పెద్ద చెట్టు దగ్గరికి నడిచింది. చుట్టూ తిరిగి అవతలి పక్కకు వచ్చింది.

రాయి లేదు.

రాయి ఉండాల్సిన చోట చదును చేసి ఎర్రకంకర పోశారు. చుట్టూ ఇటుకలు ఏటవాలుగా పాతి బంతిమొక్కలు పెట్టారు. మధ్యలో సిమెంటు బల్ల. ఆయతి చెట్టు మొదలు పట్టుకుని అలాగే నిలబడింది. చోటు తప్పిందేమోనని మళ్లీ చుట్టూ తిరిగింది. ముప్పై ఏళ్లు పువ్వు ఏరిన చెట్టు కింద చోటు ఎలా తప్పుతుంది? కంకర మధ్య రాలిన పువ్వు ఒకటి పాదం కింద చితికి అంటుకుంది. అంతలో వంటశాల నుంచి పిలుపు వచ్చింది.

వెనక పెరట్లో గంగాళాలు, దీపపు కుందులు, పళ్లేలు కుప్పపోసి ఉన్నాయి. ఆయతి చింతపండు నానేసి, పొయ్యి బూడిద జల్లించి, కొబ్బరిపీచు చుట్ట చుట్టుకుని కూర్చుంది. పిడికిలి నిండా చింతపండు పిప్పి తీసుకుని పళ్లెం మీద గుండ్రంగా రుద్దడం, బూడిదతో మరో విడత, నీళ్లు. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. మనసు మాత్రం ఆ కంకర మీదే ఉంది.

మధ్యాహ్నానికి కల్యాణి ఒక ట్రేలో మరికొన్ని వస్తువులు తెచ్చింది. కల్యాణిది బచేలి. భర్త గనుల్లో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. నెలకు పదిరోజులు ఇక్కడికొచ్చి సేవ చేస్తుంది. మంచి మనిషే. ఎదుటివాళ్లు కూర్చున్నారా నిలబడ్డారా అని చూసి మాట్లాడుతుంది.

"ఇవి అద్దాల బీరువాలోవి ఆయతమ్మా. పాతవి తోమకూడదంటారు గానీ, ఆఫీసర్లు చూస్తారు, తళతళ లాడాలన్నారు గిరీష్ గారు. కాస్త మెల్లిగా."

పాతదాన్ని తోమితే పాతదనమే పోతుందని తెలియని మనిషి కాబట్టి గిరీష్ అలా అన్నాడు. లేకపోతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ట్రేలో ఒక వెండి కాలికడియం, అడకత్తెర, పచ్చగా చిలుముపట్టి మట్టి గట్టిపడ్డ చెంబు. ఆయతి చెంబు అందుకుంది. అంచు దగ్గర చిన్న సొట్ట. బొటనవేలు దానంతటదే ఆ సొట్టలోకి పోయి కూర్చుంది. ఆమెకు అప్పటికీ తెలియలేదు, చేతికి తెలిసిపోయింది. చింతపండు పట్టించి రుద్దింది. చిలుము కరిగి పచ్చనీళ్లు కారాయి. మెడ కింద సన్నని చుక్కలు వరసగా బయటపడ్డాయి. చుక్కల చివర ఒక పువ్వు.

ముప్పై ఏళ్ల కిందటి మద్దేడ్ సంత. గిన్నెలవాడు చిన్న ఉలి పెట్టి సుత్తితో టిక్కు టిక్కుమని పేరు కొడుతున్నాడు. కొత్తకోడలు ఆయతి గంప పట్టుకుని పక్కన నిలబడింది. "నీ అక్షరాలు నాకు తెలవయి. నాకు తెలిసేటట్టు ఒక ఇప్పపువ్వు గూడ కొట్టు" అంది అత్త. గిన్నెలవాడు నవ్వి కొట్టాడు. రేకలు మరీ లావొచ్చాయని అత్త దారి పొడుగునా తిట్టింది.

ఆయతి చెంబు కడిగి, కొంగుతో తుడిచి, కల్యాణికి చాచింది.

"అమ్మా, ఇది చదువు."

కల్యాణి కళ్లద్దాలు పెట్టుకుని వెలుగువైపు తిప్పింది. "సో... మి. సోమి. మద్దేడ్. పందొమ్మిది వందల తొంభై ఆరు." చదివాక ఆమె గొంతు తగ్గింది. "సోమి ఎవరమ్మా?"

"మా అత్త. ఇది కొన్న నాలుగేండ్లకే పోయింది. అప్పుడు ఆమె కాలికడియం, అడకత్తెర, చెంబుల నీళ్లు పోసి, రాయి కింద నేనే పెట్టిన. ఇవి నీకాడికి ఎట్లొచ్చినయి?"

"హాల్లో ఉన్న ఆదిశిల కింద దొరికాయి" అంది కల్యాణి. చెబుతూనే తన మాట తనకే వినిపించినట్టు ఆగిపోయింది.

ఆయతి లేచి హాలు మెట్లెక్కింది. చేతులకు చింతపండు రసం కారుతూనే ఉంది. కొత్త హాలు నిరుడు వానల్లో కట్టారు. ఆమె ఎప్పుడూ లోపలికి రాలేదు. నడిమధ్య పాలరాతి గద్దె, దాని మీద పూలదండలతో నిలువురాయి, ఎడమ భుజాన పలుగు తగిలిన గాటు. వాగులోంచి తీస్తున్నప్పుడు తగిలిన గాటు అది. రాయి మీద నుంచి పొద్దుటి అభిషేకం పాలు ఇంకా బొట్లుబొట్లుగా జారుతున్నాయి.

సోమి బతికుండగా చుక్క పాలు ముట్టలేదు. ఆవు పాలు దూడవి, మనవి కావు అనేది. పందికూర పండుగకు వండకపోతే అలిగేది. మొదటి సారా చుక్క తనకు పోయకుండా ఇంకెవరికైనా పోస్తే ఇల్లు పీకి పందిరేసేది. అలాంటి ముసలిదాన్ని నేలలోంచి పెకిలించి, పేరు మార్చి, మెడలో దండవేసి, రోజూ నెత్తిన పాలు గుమ్మరిస్తున్నారు. అడగడానికి నోరులేని దానికి చేసే మర్యాద ఇది. ఆయతికి ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

వెనకాలే కల్యాణి, ఆమె వెంట గిరీష్ వచ్చారు. గిరీష్ కల్యాణి చేతిలోని చెంబు చూశాడు, పేరు మీద చూపు ఒక్క క్షణం నిలిచింది. "ఇలాంటివి సంతలో వంద దొరుకుతాయమ్మా. మీరు పొరబడ్డారు." కల్యాణి వైపు తిరిగాడు. "బీరువాలో పెట్టేయండి. ఆ రాతవైపు గోడకు ఉంచండి."

సాయంత్రం వెంకన్న వాకిట్లో కూర్చుని వెదురుబద్దలు చీలుస్తున్నాడు. ఆయతి వచ్చి ఎదురుగా నిలబడింది.

"మీ అమ్మను ఎప్పుడు పీకిండ్రు?"

కత్తి బద్ద మధ్యలో ఆగింది. "వానలల్ల."

"నువ్వేడున్నవ్?"

"మోసిన నలుగురిల నేనొకడిని." ఇంకో బద్ద తీసుకున్నాడు, చీల్చలేదు. "తవ్వంగ చెంబు బయటపడ్డది. అమ్మ చెంబని నోటిదాకా వచ్చింది. సారు దాన్ని పట్టుకోని ఫోటో దిగుతుండు. అందరు చప్పట్లు కొడుతుండ్రు. నోరు రాలే. పని పోతదనుకున్న. తర్వాత చెప్దామంటే రోజులు గడిచిపోయినయి."

ఎనిమిది నెలలు. ఎనిమిది నెలలు ఈ మనిషి పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. ఆయతి లోపలికి పోయింది. ఆకులో అన్నం, చింతచిగురు పప్పు పెట్టి తెచ్చి ముందుంచింది. అతను సగం తిన్నాక చుట్టూ చూశాడు.

"నీళ్లు?"

"మీ అమ్మనడుగు. ఆమె చెంబు ఎవరికాడుందో చెప్తది."

వెంకన్న లేచి కుండ దగ్గరికి పోలేదు. మిగిలిన అన్నం నీళ్లు లేకుండానే మింగి చెయ్యి కడుక్కోకుండా బయటికి వెళ్లిపోయాడు.

గురువారం ఆయతి మద్దేడ్ పోయింది. పట్వారీ సతీష్‌ను కలిసి చెంబు సంగతి చెబుదామని. అతను ఊళ్లో లేడు. తిరిగి వస్తూ ఉప్పు కోసం కిరాణాకొట్టులో ఆగింది. గోడ మీద ఆశ్రమం క్యాలెండరు. ఏటా ప్రతి కొట్టుకూ, ప్రతి ఆఫీసుకూ ఉచితంగా పంచుతారు. ఈ నెల బొమ్మలో గిరీష్ గోతి గట్టున నిలబడి, రెండు చేతులతో మట్టి పట్టిన చెంబును పైకెత్తి నవ్వుతున్నాడు. పక్కన ఒరిగి ఉన్న రాయి. వెనక, బొమ్మ అంచుకు సగం తెగి, పలుగు పట్టుకుని వెంకన్న.

"ఏం రాసిండ్రు దీని కింద?"

కొట్టాయన చదివాడు. హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాసి ఉంది. "వెయ్యేళ్లుగా చెక్కుచెదరని ఆదిశిల కింద లభించిన పురాతన పాత్ర."

"ఈ ఒక్క కాగితం ఇయ్యి."

"నెల ఇంకా అయిపోలే."

"నీకు తేదీలు కావాలె, నాకు బొమ్మ కావాలె. తేదీలు కింద ఉన్నయి. కత్తిరించుకో."

కొట్టాయన నవ్వి కత్తెర తీశాడు. ఆయతి ఆ బొమ్మను నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది.

శుక్రవారం పదకొండు గంటలకు జీపు వచ్చింది. నాయబ్ తహసీల్దారు చిన్నవయసు ఆడమనిషి, హిందీ తప్ప రాదు. సతీష్ పక్కనుండి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెబుతున్నాడు. హాలు ముందు బల్ల వేశారు. ఒకవైపు ఆశ్రమం వాళ్లు, ఇంకోవైపు దామరపారా జనం. చీపురు పట్టుకుని వెంకన్న ఎటూ కాకుండా స్తంభం పక్కన నిలబడ్డాడు.

గిరీష్ ప్రమాణపత్రం చదివాడు. హాలులోని ఆదిశిల అనాదిగా ఇదే చోట వెలసి ఉందని, ఎవరూ పాతింది కాదని, ఎవరూ కదిలించింది లేదని, చుట్టూ ఉన్న ఏడెకరాలు దాని పూజకే వాడుకలో ఉన్నాయని. కింద సంతకం, ముద్ర.

"మీరేం చూపిస్తారని మేడమ్ అడుగుతుంది" అన్నాడు సతీష్ ఊరివాళ్లతో.

ముసలివాళ్లు చెట్ల పేర్లు చెప్పారు, తాతల పేర్లు చెప్పారు. ఆమె రాసుకుంది గానీ, కలం నెమ్మదిగానే కదిలింది. ఆయతి ముందుకొచ్చింది.

"ఆ అద్దాల బీరువాల చెంబు తెప్పియ్యి సతీషూ. అది మా అత్తది."

"దానికి తాళం ఉందండీ" అన్నాడు గిరీష్. "తాళంచెవి..."

"నా దగ్గరుంది" అంది కల్యాణి. లోపలికి వెళ్లి చెంబు తెచ్చింది. బల్ల మీద పెట్టేటప్పుడు పేరున్న వైపు మేడమ్ ముందుకు తిప్పి మరీ పెట్టింది. గిరీష్ వైపు చూడలేదు.

సతీష్ పేరు చదివి వినిపించాడు. తేదీని ఆమే చదువుకుంది. వేలితో ఆ నాలుగు అంకెలు తడిమింది.

"ఎవరైనా ఈ మధ్య తెచ్చి పాతిపెట్టి ఉండొచ్చు మేడమ్" అన్నాడు గిరీష్ హిందీలో.

ఆయతి రవికెలోంచి మడత తీసి, చెమటకు తడిసిన కాగితాన్ని బల్ల మీద అరచేత్తో సాపు చేసింది. మేడమ్ బొమ్మ చూసింది, కింద రాసింది చదివింది, గిరీష్‌ను చూసింది. తర్వాత మెల్లిగా ఏదో అంది. సతీష్ గొంతు సవరించుకుని తెలుగులో చెప్పాడు.

"వెయ్యేండ్లు కదలని రాయి కింద ఈ మధ్య ఎవరో చెంబు ఎట్లా పెడతరని అడుగుతుంది. రాయి కదల్లేదని వీళ్లే రాసిచ్చిండ్రు. చెంబు దాని కింద దొరికిందని వీళ్లే అచ్చు వేసిండ్రు. చెంబు సోమిది. అంటే ఈ రాయి సోమిది. అది ఇప్పుడున్న చోటే మొదటి నుంచి ఉంటే, ఏడెకరాలే కాదు, ఈ హాలున్న జాగ గూడ మీ కులపోళ్ల రాళ్ల జాగే అయితది. అట్లనే రాయమంటుంది."

పారా జనంలో గుసగుస లేచింది. హిడ్మే వెనక నుంచి ఆయతి నడుము గిల్లింది. "ఊకో ఇగ. మాట్లాడకు."

గిరీష్‌కు దొంగకు తేలు కుట్టినట్టయింది. కాదంటే అబద్ధపు ప్రమాణం. అవునంటే హాలు పోతుంది. సతీష్ భూమి నక్షా విప్పి కలం మూత తీశాడు.

ఆయతి ఆ కలాన్ని చూసింది. మాట్లాడకుండా ఉంటే చాలు, పన్నెండేళ్లుగా జరిగిన కంచె ఒక్క గీతతో వెనక్కి పోతుంది. ఏమీ చెయ్యక్కర్లేదు. వెంకన్న కూడా ఎనిమిది నెలలు అంతే చేశాడు, మాట్లాడలేదు.

"రాయకు సతీషూ."

కలం ఆగింది.

"మా అత్త ఈడ లేదు. పెద్ద ఇప్పచెట్టుకు పొద్దుగూకే పక్క, ఆ సిమెంటు బల్ల ఉన్న కాడ ఉంటది. వీళ్లు దొంగరాత రాస్తే మేము గూడ రాయాల్నా? మాకు హాలు వద్దు. మా అత్త జాగ, మా చెట్లు, అంతే. ఆమెను ఆడికెళ్లి పీకి ఈడ పెట్టిండ్రు. అది రాసుకో."

హిడ్మే నుదురు కొట్టుకుంది. మేడమ్ విని, గిరీష్ వైపు తిరిగి ఒక్క మాట అడిగింది. ఆ మాత్రం హిందీ అందరికీ తెలుసు. ఎవరు కదిలించారు?

"మేడమ్, ఆమెకు ఏదో భ్రమ..." అని మొదలుపెట్టాడు గిరీష్.

చీపురు నేల మీద పడిన చప్పుడైంది.

"నేను కదిలించిన" అన్నాడు వెంకన్న. నేలచూపులు చూస్తూనే ముందుకొచ్చి, బల్ల మీది కాగితంలో అంచున సగం తెగిన మనిషి మీద వేలు పెట్టాడు. "ఇది నేను. ఆ పలుగు నాది. సారు చెప్తే తవ్విన. నలుగురం మోసినం. ఆడికెళ్లి ఈడికి నూట ఇరవై అడుగులు. రాయి మా అమ్మది. ఎవరిదో తెలవక మోసినోళ్లు ముగ్గురు. తెలిసి మోసినోన్ని నేనొక్కణ్ని."

అంత పొడుగు మాట వెంకన్న నోట ఆయతి ఏనాడూ వినలేదు.

మేడమ్ చాలాసేపు రాసింది. తేల్చేది తాను కాదని, ఫైలు బీజాపూర్ జిల్లా ఆఫీసుకు పోతుందని, కానీ తప్పుడు ప్రమాణం సంగతి, ఈ వాంగ్మూలం రెండూ అందులో ఉంటాయని సతీష్ చెప్పాడు. రాయిని రేపే దాని చోట పెట్టించాలి. పైనుంచి మాట వచ్చేదాకా ఊరివాళ్లను ఆ చెట్ల దగ్గరికి పోకుండా ఆపకూడదు. చెంబు మాత్రం సాక్ష్యం కాబట్టి గుడ్డలో చుట్టి, లక్క వేసి జీపులో పెట్టారు.

"చెంబు లేకుంటే ఆమె నీళ్లు ఎట్లా తాగుతది?" అంది ఆయతి. సతీష్ దాన్ని హిందీలోకి మార్చలేదు.

శనివారం పారా మగవాళ్లు హాలులోంచి రాయి దించారు. గద్దె నుంచి చెట్టుకు నూట ఇరవై అడుగులే. కానీ అలా తేవడం ఆచారం కాదు. వాగు దగ్గరికి తీసుకుపోయి కడిగి, కొత్తగా తెచ్చినట్టే ఊరివైపు నుంచి మోసుకురావాలి. మధ్యలో ఎక్కడా నేలకు దించకూడదు. వాగులో ఆయతి, హిడ్మే ఇసుకతో రుద్ది రుద్ది ఎనిమిది నెలల పాలజిడ్డు వదలగొట్టారు.

వెంకన్నను భుజం పెట్టనివ్వలేదు. పెకిలించిన చెయ్యి మళ్లీ నాటకూడదని పెద్దలన్నారు. అతను వెనక నడిచాడు.

కర్రల మీద రాయితో ఎనిమిదిమంది ఊరిదారిన వచ్చి కంచె దగ్గర ఆగిపోయారు. ఎదురుగా చెట్టు, మధ్యలో అయిదు వరసల ముళ్లతీగ. వెనక గేటు తాళం ఇంకా తియ్యలేదు, ముందువైపు నుంచైతే ఆశ్రమం కమాను కింద నుంచి రావాలి. చచ్చినవాళ్ల రాయిని నాటబోతూ ద్వారం కింద నుంచి తీసుకుపోరు. దించడానికీ వీల్లేదు. మోస్తున్నవాళ్ల మెడ నరాలు ఉబ్బాయి. అవతలి పక్క గిరీష్ ఫోను చెవిదగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. తియ్యమనలేదు, వద్దనలేదు.

వెంకన్న అందరినీ దాటుకుని ముందుకొచ్చాడు. మొలలోంచి పటకారు తీశాడు. నాలుగేళ్ల కింద ఆ తీగను ప్రతి గుంజకూ చుట్టింది అతనే. ఏ మెలిక ఎటు తిరిగిందో చూడకుండానే తెలుసు. పై వరస నుంచి ఒక్కొక్క మెలికా వెనక్కి తిప్పాడు. తీగ ఊడి చేతిని గీరింది, తుడుచుకోలేదు. మూడు గుంజల మధ్య తీగంతా చుట్టచుట్టి పక్కన పెట్టి, తాను పక్కకు తప్పుకున్నాడు. రాయి లోపలికి పోయింది.

బంతిమొక్కలు పీకారు. సిమెంటు బల్ల ఈడ్చేశారు. గోతిలో, కల్యాణి బీరువాలోంచి తీసిచ్చిన కడియం, అడకత్తెర పెట్టారు. ఆయతి ఇంటి నుంచి తెచ్చిన చెంబు నిండా నీళ్లు పోసి వాటి పక్కన దించింది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క చెంబే. రాయి నిలిచాక మొదటి చుక్క సారా, కొంగున మూడు రోజులుగా వాడిపోతున్న గుప్పెడు పువ్వు, దాని ముందు పెట్టింది.

మిగిలినవాళ్లు నీడకు చేరారు. అప్పటికి పొద్దు బాగా ఎక్కింది. ఆ రోజు ఎవరూ ఊడవలేదు కాబట్టి అయిదు చెట్ల కింద పువ్వు అలాగే ఉంది. ఎండకు సగం వాడింది. వాడితేనేం, ఆయతి గంప పక్కన పెట్టుకుని వంగింది. కాసేపటికి రెండో మూల నుంచి వెంకన్న కూడా వంగి ఏరుతున్నాడు. నెత్తురు కారిన చేతికి పువ్వు జిగురు అంటుకుంటోంది. నీళ్లు అడగలేదు. ఆయతి ఆనపబుర్ర తీసి మోదుగాకు దొప్పలో నీళ్లు వంచి చాచింది. అతను తాగి, దొప్ప మడిచి గంపలో పెట్టుకున్నాడు.

కంకర దారి మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

"వెంకన్నా, ఈ రోజు ఊడవలేదా?" గిరీష్ గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

వెంకన్న నడుము ఎత్తలేదు.

"ఏరుతున్న సారూ."